సర్కారుకు సరుకు అమ్మాలంటే: కావలి షెడ్డు నుంచి టెండరు దాకా

కావలిలో మాకు చిన్న ఫాబ్రికేషన్ షెడ్డు ఉంది. బడి బెంచీలు, ఇనప ర్యాకులు, హాస్టల్ మంచాలు చేస్తాం. ఇటు నెల్లూరు, అటు ఒంగోలు, రెండు వైపులా ప్రభుత్వ ఆఫీసులే మా పెద్ద గిరాకీ. వెల్డింగు, పెయింటింగు మా ఆయన చూసుకుంటారు, టెండర్ల పని నాది. చుట్టుపక్కల చిన్న యూనిట్ల వాళ్లు వచ్చి అడిగే మాట ఎప్పుడూ ఒకటే: "అక్కా, గవర్నమెంటుకి ఎట్టా అమ్మాలి? ఎవురైనా తెలిసినోళ్లు ఉండాల్నా?"

మాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఉన్నది చదివే ఓపిక. బజారులో కొనేవాడు మన బెంచీ మీద కూర్చుని, ఊపి చూసి కొంటాడు. సర్కారు అలా కొనదు. తనకు కావలసిన బెంచీని ముందే కాగితం మీద రాసుకుని, దానికి సరిపోయేది తక్కువ ధరకు ఎవరిస్తారా అని చూస్తుంది. కాబట్టి ఆ కాగితంలో ఏముందో తెలుసుకోవాలి, అది మనం చేయగలమా అని చూసుకోవాలి, డబ్బు చేతికొచ్చేదాకా నిలబడగలమా అన్నది తేల్చుకోవాలి. మిగతా పనంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. బెంచీల ఉదాహరణతోనే చెబుతాను. మీది ప్రింటింగ్ ప్రెస్ అయినా, యూనిఫాం కుట్టే యూనిట్ అయినా దారి ఇదే.

మొదటి మెట్టు: కొనేది ఎవరో తెలుసుకోండి

"గవర్నమెంటు" అని ఒకే మాటలో అనేస్తాం గానీ కొనేవాళ్లు చాలామంది. రైల్వే, తపాలా శాఖ, కేంద్రీయ విద్యాలయాలు కేంద్రానివి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రులు, గురుకులాలు, కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీ రాష్ట్రానివి. నేలటూరు థర్మల్ స్టేషన్ రాష్ట్ర విద్యుత్ సంస్థలది. దాని పక్కనే ఉన్న కృష్ణపట్నం పోర్టు మాత్రం అదానీ గ్రూపుది, అంటే ప్రైవేటు. రెండింటికీ ఒకే రోడ్డున లారీలు పోతాయి కాబట్టి చాలామంది పొరబడతారు. పోర్టుకు అమ్మాలంటే కింద చెప్పే నియమాలేవీ వర్తించవు, అది మామూలు ప్రైవేటు బేరమే.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, మన దేశంలో ప్రభుత్వ కొనుగోళ్లకు అందరికీ వర్తించే ఒకే చట్టం లేదు. 2012లో లోక్‌సభలో ఒక బిల్లు పెట్టారు. అది పాస్ కాకుండానే 2014లో ఆ సభతోపాటే మురిగిపోయింది. కేంద్ర ఆఫీసులు జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017 ప్రకారం కొంటాయి. మన రాష్ట్ర ఆఫీసులకు ఆంధ్రప్రదేశ్ ఫైనాన్షియల్ కోడ్, ఆయా శాఖల జీవోలు ఉంటాయి. పక్కనున్న తమిళనాడులో 1998 నాటి టెండర్ల పారదర్శకత చట్టం ఉంది. నెల్లూరు నుంచి చెన్నై దగ్గరే కదా అని అక్కడి టెండరుకు పోయేవాళ్లు ఆ చట్టం చూసుకోవాలి. ఇక్కడ దొరికే మినహాయింపు అక్కడ దొరక్కపోవచ్చు.

కేంద్ర, రాష్ట్ర శాఖలు రెండింటికీ వర్తించేది ఒకటుంది. రాజ్యాంగం 299వ అధికరణం ప్రకారం కేంద్రం చేసే ఒప్పందం రాష్ట్రపతి పేరున, రాష్ట్రం చేసే ఒప్పందం గవర్నర్ పేరున, అధికారం ఉన్నవాళ్ల సంతకంతో జరగాలి. నోటిమాట చెల్లదు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. ఒక చోట అరవై బెంచీలు దించుతుంటే అక్కడి పెద్దాయన, "ఇంకో పది కూడా పంపమ్మా, ఆర్డరు తర్వాత రాసిస్తాం" అన్నారు. ఆయన మంచివాడే, పిల్లలు కింద కూర్చుంటున్నారనే అడిగారు. పంపాం. రెండు నెలలకు ఆయన బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినాయన ఫైలు తిరగేసి, ఈ పదీ ఇందులో లేవే అన్నారు. ఆ పది బెంచీల డబ్బు ఈరోజుకీ రాలేదు. ఆర్డరు కాగితం చేతిలో పడకుండా పైపు కోయకండి.

రెండో మెట్టు: కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి

టెండరు కనబడ్డాక కాగితాల కోసం తిరిగితే గడువు దాటిపోతుంది. ఏ టెండరూ లేనప్పుడే ఈ పని చేసి పెట్టుకోవాలి.

మొదటిది ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అయిపోతుంది, పూర్తిగా ఉచితం. "వెయ్యి కట్టండి, చేసిపెడతాం" అనే సైట్లు చాలా ఉన్నాయి, వాటికి కట్టకండి. 2025 ఏప్రిల్ 1 నుంచి పరిమితులు పెరిగాయి. యంత్రాల మీద పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్లు దాటకపోతే సూక్ష్మ పరిశ్రమ. పెట్టుబడి 25 కోట్లు, టర్నోవర్ 100 కోట్ల దాకా చిన్న పరిశ్రమ. మన రెండు జిల్లాల్లో షెడ్లు నడిపేవాళ్లలో చాలామంది సూక్ష్మ కిందికే వస్తారు. రిజిస్ట్రేషన్‌లో మీ పని "తయారీ" అని పడాలి, "ట్రేడింగ్" అని పడకూడదు. కొని అమ్మేవాళ్లకు టెండర్లలో చిన్న పరిశ్రమల రాయితీలు రావు. తెలియక ట్రేడింగ్ అని పెట్టించుకుని, నిజంగా తయారు చేస్తూ కూడా రాయితీ పోగొట్టుకున్నవాళ్లను చూశాను. మహిళ యజమాని అయితే ఆ సంగతి కూడా అందులో సరిగ్గా నమోదు కావాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

జీఎస్టీ విషయానికొస్తే, మన రాష్ట్రం లోపలే సరుకు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కానీ టెండర్లలో దాదాపు అన్ని చోట్లా జీఎస్టీ నంబరు అడుగుతారు. తీసుకోక తప్పదనుకోండి.

డిజిటల్ సంతకం ఇంకోటి. దీన్ని పొట్టిగా డీఎస్సీ అంటారు, టీచర్ల పరీక్షతో సంబంధం లేదు. పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌లో వస్తుంది. 2021 జనవరి నుంచి క్లాస్ 2 ఇవ్వడం ఆపేశారు, క్లాస్ 3 తీసుకోవాలి. తీసుకునేటప్పుడు సంతకానికి, ఎన్‌క్రిప్షన్‌కు రెండు సర్టిఫికెట్లూ ఉన్న కాంబో అడగండి. సంతకం ఒక్కటే ఉన్నది చవగ్గా వస్తుంది గానీ దాంతో టెండర్ల పోర్టల్లో ధర పెట్టే చోట ఆగిపోతారు. గడువు తేదీ గోడ మీద క్యాలెండర్లో రాసిపెట్టుకోండి.

ఇక టర్నోవర్ సర్టిఫికెట్. నా మొదటి టెండరు దీనివల్లే పోయింది. మా ఆడిటర్ గారు మూడేళ్ల టర్నోవర్ రాసి, ముద్ర వేసి, సంతకం పెట్టి ఇచ్చారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయనుకున్నాను. టెక్నికల్ పరిశీలనలో తిరస్కరించారు. కారణం ఒక్క లైను: యూడిన్ లేదు. 2019 ఫిబ్రవరి నుంచి చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చే ప్రతి సర్టిఫికెట్‌కూ అంకెలు, అక్షరాలు కలిపి 18 ఉండే యూడిన్ అనే గుర్తింపు నంబరు ఉండాలి. అది ఉంటేనే అవతలివాళ్లు ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ అసలుదో కాదో చూసుకోగలరు. అప్పటి నుంచి ఆడిటర్ గారి ముందు కూర్చున్నప్పుడే ఆ నంబరు చూసుకుని, అక్కడే ఫోన్లో సరిచూసుకుని గానీ లేవను.

పాత ఆర్డర్లు, సరుకు అందినట్టు ఇచ్చిన సర్టిఫికెట్లు, మూడేళ్ల ఐటీ రిటర్నులు, పాన్, బ్యాంకు వివరాలు అన్నీ స్కాన్ చేసి ఒకే ఫోల్డర్లో పెట్టుకోండి. అన్నింటిలో సంస్థ పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఒక దాంట్లో "ఇంజనీరింగ్ వర్క్స్", ఇంకో దాంట్లో "ఇంజనీర్స్" అని ఉంటే చూసేవాళ్లకు అవి రెండు వేర్వేరు సంస్థలే.

వీటిలో ఏది అర్థం కాకపోయినా జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లండి. నెల్లూరులో ఉంది, ఒంగోలులో ఉంది. వెళ్లి అడిగేవాళ్లే తక్కువ.

మూడో మెట్టు: టెండర్లు ఎక్కడ చూడాలి

కేంద్రం వైపు జెమ్ అనే పోర్టల్ ఉంది, 2016 ఆగస్టులో మొదలైంది. అంతకుముందు కేంద్రానికి కొనిపెట్టిన డీజీఎస్ అండ్ డీ అనే పాత శాఖను 2017లో మూసేశారు. జెమ్‌లో దొరికే వస్తువును కేంద్ర శాఖలు జెమ్‌లోనే కొనాలి. రైల్వేకు ఐరెప్స్ అనే సొంత పోర్టల్ ఉంది. మిగతా కేంద్ర టెండర్లు సెంట్రల్ ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్లో ఉంటాయి. రాష్ట్రానివి ఏపీ ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో వస్తాయి. ఆన్‌లైన్ టెండర్లు తొలినాళ్లలోనే మొదలుపెట్టిన రాష్ట్రాల్లో ఆంధ్ర ఒకటి.

కొత్తవాళ్లు జెమ్‌తో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. అక్కడ చిన్న కొనుగోళ్లు ఉంటాయి. 2017 రూల్స్‌లో 2019 సవరణ ప్రకారం 25 వేల దాకా నచ్చినవాళ్ల దగ్గర నేరుగా కొనొచ్చని, 5 లక్షల దాకా కనీసం మూడు తయారీదారుల ధరలు పోల్చి తక్కువదాన్ని ఎంచుకోవాలని, ఆపైన బిడ్, అంటే పోటీ ధరల టెండరు పెట్టాలని ఉండేది. తర్వాత ఈ పరిమితులు పెంచారు, మీరు చేరే రోజుకు ఉన్న అంకె పోర్టల్లో చూసుకోండి. పెద్ద టెండరు రాకముందే చిన్న ఆర్డర్లు నాలుగు చేస్తే, రేపు "గత అనుభవం" అడిగినప్పుడు చూపడానికి కాగితం ఉంటుంది. 10 లక్షల లోపు ఆర్డర్లకు జెమ్ తీసుకునే చార్జీ 2024 ఆగస్టు నుంచి ఎత్తేశారు.

పెద్ద టెండర్ల గురించి ఒక మాట. 2019 నవంబరు 14న ఒంగోలులోనే ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం ప్రారంభించారు. బడులకు బెంచీలంటే మాకు పండగే అనుకున్నాం. కానీ అన్ని వేల బెంచీలను రాష్ట్ర స్థాయిలో టెండరు పిలిచి కొన్నారు, అంత టర్నోవర్ మాలాంటి షెడ్డుకు ఎక్కడిది? అలాంటప్పుడు కుంగిపోకుండా, గెలిచిన పెద్ద కంపెనీకి కొంత పని చేసిపెట్టడానికి అడగొచ్చు. కాకపోతే వాళ్లతో రాతకోతలు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి, అది ప్రైవేటు ఒప్పందం.

నాలుగో మెట్టు: టెండరు కాగితాన్ని చదవడం

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. ఎనభై పేజీలుంటాయి, అందులో అరవై ప్రతి టెండరులోనూ ఉండేవే. మిగతా ఇరవై పేజీల్లో మన తలరాత ఉంటుంది. నేను ప్రింటు తీసి, ఎర్ర పెన్నుతో ఈ వరసలో చదువుతాను.

ముందు అర్హత పేజీ. టర్నోవర్ ఎంత, అనుభవం ఎన్నేళ్లు, ఎంత విలువ ఆర్డరు చేసి ఉండాలి. ఇందులో ఒక్కటి లేకపోయినా అక్కడితో ఆపేయండి. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు అనుభవం, టర్నోవర్ సడలిస్తామని కొన్ని కేంద్ర టెండర్లలో ఉంటుంది. అది ఆ టెండరులో రాసి ఉంటేనే నమ్మండి.

తర్వాత స్పెసిఫికేషన్. మా బెంచీల్లో అసలు సంగతంతా పైపు గేజీలో ఉంటుంది. 16 గేజీ అంటే 1.6 మిల్లీమీటర్ల మందం, 18 గేజీ అంటే 1.2. పెయింటు వేశాక కంటికి రెండూ ఒకటే. చేత్తో ఎత్తితే తెలుస్తుంది, పావు వంతు బరువు తగ్గుతుంది. టెండరులో 16 అని ఉండి మీరు 18 ధర వేసుకుంటే గెలిచిన రోజే నష్టం మొదలైనట్టు. కనిగిరి వైపు ఒక హాస్టల్లో బెంచీలు దించిన రోజు స్టోర్ కీపర్ గారు జేబులోంచి మందం కొలిచే వెర్నియర్ తీశారు. పైపు చివర రబ్బరు బూటు లాగి కొలిచారు. మావి సరిగ్గానే ఉన్నాయి. పక్కనే ఇంకో సప్లయర్ మంచాలు ఉన్నాయి. వాటిని కొలిచి, "ఏందబ్బా ఇది, పదారు అని రాస్తే పద్దెనిమిది తెచ్చినారే" అన్నారు. నలభై మంచాలు మళ్లీ లారీ ఎక్కాయి. కొలిచేవాళ్లు ఎప్పుడూ కొలవరు అనుకోవడం పెద్ద పొరపాటు.

మూడోది, సరుకు ఎక్కడ దించాలి. "జిల్లాలోని వివిధ పాఠశాలలకు" అని ఒక్క లైనులో ఉంటుంది. నెల్లూరు గోదాములో వంద బెంచీలు దించడానికీ, ఉదయగిరి, సీతారామపురం దాకా ఇరవై బడుల్లో ఐదేసి దించడానికీ రవాణా ఖర్చు మూడు నాలుగు రెట్లు తేడా వస్తుంది. జాబితా ఇవ్వకపోతే అడగండి. బిడ్లకు ముందు సందేహాలు తీర్చే ప్రీబిడ్ సమావేశం పెడితే వెళ్లండి, లేదంటే పోర్టల్లోనే ప్రశ్న పంపండి. అడిగితే చెడ్డపేరు వస్తుందేమోనని భయపడొద్దు. జవాబు అందరికీ కనబడేలా ఇస్తారు, దాన్నిబట్టి షరతు మారిస్తే కొరిజెండం అని సవరణ నోటీసు వస్తుంది. ఆ సవరణల కోసం చివరి రోజు దాకా పోర్టల్ చూస్తూనే ఉండాలి. చివరి తేదీ మారినా, పైపు మందం మారినా అందులోనే ఉంటుంది.

నాలుగోది ఆలస్యానికి జరిమానా. జెమ్‌లో వారానికి అర శాతం చొప్పున, మొత్తం 10 శాతం దాకా కోస్తారు. సంక్రాంతి ముందు గడువు ఉంటే వెల్డర్లు ఊళ్లకు పోతారన్నది లెక్కలో పెట్టుకోండి.

చివరిది డబ్బు ఎప్పుడిస్తారన్న పేజీ. "నిధుల లభ్యతను బట్టి" అన్న మాట కనబడితే ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీస్తాను.

ఐదో మెట్టు: ధర కట్టడం

మా లెక్క పుస్తకంలో ఒక బెంచీకి వేసుకున్న లెక్క చూపిస్తాను. మీ రోజు ధరలు వేరుగా ఉంటాయి, పద్ధతి చూడండి.

పైపు 15 కిలోలు, కిలో 72 చొప్పున 1,080. పైన వేసే బోర్డు 900. వెల్డింగు కూలి 450. పౌడర్ కోటింగ్ 300. బోల్టులు, రబ్బరు బూట్లు 70. మొత్తం 2,800. చాలామంది ఇక్కడ ఆగి, మీద ఓ మూడొందలు వేసి కొటేషన్ పెట్టేస్తారు. ఇక్కడ ఆగకూడదు. రవాణా, ఎత్తడం దించడం 150. షెడ్డు అద్దె, కరెంటు వాటా 200. 3,150 అయింది. బిల్లు ఆరు నెలలకు వస్తుందనుకుంటే, బ్యాంకు వడ్డీ ఏడాదికి 12 శాతం చొప్పున 189. టోకెన్, ఫీజులు, డిపాజిట్లు, ఒకటీ అరా తిప్పి పంపేవాటికి 61. ఇప్పుడు 3,400. దీని మీద 8 శాతం లాభం 272. నా ధర 3,672, జీఎస్టీ కాకుండా.

ఈ అంకెల్లో రెండు సంగతులు చూడండి. 16 బదులు 18 గేజీ వేస్తే పైపు నాలుగు కిలోలకు కాస్త తక్కువగా తగ్గి 270 రూపాయలు మిగులుతాయి. అంటే దాదాపు నా లాభమంత. ఎవరైనా 3,300కు పెట్టారంటే ఆ తేడా ఎక్కడినుంచి తీశారో నాకు అర్థమవుతుంది, ఆ ధరకు నేను దిగను. రెండోది వడ్డీ. బ్యాంకులో కాకుండా బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే అదే ఆరు నెలలకు 378 అవుతుంది. లాభం కన్నా వడ్డీ ఎక్కువ. మా వైపు మూతపడ్డ రెండు మూడు షెడ్లు నాకు తెలుసు. వాళ్లు సరుకు చెడగొట్టలేదు, టెండర్లు ఓడిపోలేదు. గెలిచిన ఆర్డర్లకే రెండు రూపాయల వడ్డీ కట్టి కట్టి మునిగిపోయారు. వాళ్లలో ఒకాయన మా ఆయనకు పని నేర్పిన మేస్త్రి. ఈ లైను ప్రతిసారీ రాసేటప్పుడు ఆయన గుర్తొస్తారు.

ఇంకోటి: ధరను గురించి పోటీదార్లు ఫోన్ చేసి "ఈసారి నువ్వు, వచ్చేసారి నేను" అంటే ఒప్పుకోకండి. రింగు కావడం 2002 కాంపిటీషన్ చట్టం కింద నేరుగా తప్పు. అలాగే లంచం తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత శిక్షార్హమైన నేరం. బలవంతంగా ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోగా పోలీసులకో, దర్యాప్తు సంస్థకో చెప్పినవాళ్లకు రక్షణ ఉంది.

ఆరో మెట్టు: బిడ్ వేయడం

బిడ్‌లో మామూలుగా రెండు కవర్లు ఉంటాయి. ఒకటి టెక్నికల్, అందులో కాగితాలు. రెండోది ఫైనాన్షియల్, అందులో ధర. టెక్నికల్‌లో పాసైనవాళ్ల ధర కవరే తెరుస్తారు. పొరపాటున కాగితాల ఫైళ్లలో ఎక్కడైనా ధర కనబడితే బిడ్ తీసేస్తారు.

ఈఎండీ అంటే బిడ్ వేసి వెనక్కి పోకుండా కట్టే డిపాజిట్. కేంద్ర నియమాల్లో అంచనా విలువలో 2 నుంచి 5 శాతం. ఉద్యమ్ ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారులకు కేంద్ర టెండర్లలో ఇది మాఫీ. రాష్ట్ర టెండరులో మాఫీ ఉందో లేదో ఆ కాగితంలోనే చూసుకోవాలి. ఒకసారి ఉందనుకుని కట్టకుండా పంపితే చేసేదేమీ ఉండదు.

కేంద్ర పోర్టల్లో ధర పట్టిక ఎక్సెల్ ఫైలుగా ఇస్తారు. దాన్ని దించుకుని, అంకెలు నింపి, అదే పేరుతో మళ్లీ ఎక్కించాలి. ఫైలు పేరు మార్చకండి, కొత్త గడులు చేర్చకండి. అన్నీ ఎక్కించాక చివర "ఫ్రీజ్" బటన్ నొక్కాలి. అది నొక్కితేనే బిడ్ చేరినట్టు. అన్నీ ఎక్కించాం కదా అని ఇంటికి పోయినవాళ్లున్నారు.

గడువు మధ్యాహ్నం 3 గంటలైతే మీ గోడ గడియారం లెక్కలోకి రాదు, సర్వర్ గడియారమే. ఒక టెండరుకు 2:40కి కూర్చున్నాను. టోకెన్ పెట్టాను, తీసుకోలేదు. తీసి మళ్లీ పెట్టాను. బ్రౌజర్ మార్చాను. 2:52కి కరెంటు పోయింది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని చేతులు వణుకుతూ ఫ్రీజ్ నొక్కేసరికి 2:58. ఆ టెన్షన్ ఇంకెప్పుడూ వద్దనుకుని, అప్పటి నుంచి ముందురోజే వేసేస్తున్నాను. గడువులోపు బిడ్ వెనక్కి తీసుకుని మార్చి వేసే వీలు చాలా పోర్టల్లలో ఉంటుంది కాబట్టి ముందే వేస్తే నష్టమేమీ లేదు. ధరలు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి, తెరిచే సమయం దాకా కనబడవు.

ఏడో మెట్టు: తెరిచాక

అందరికన్నా తక్కువ ధర పెట్టినవాళ్లను ఎల్‌వన్ అంటారు. ఇక్కడే ఉద్యమ్ సర్టిఫికెట్ పనికొస్తుంది. 2012 నాటి చిన్న పరిశ్రమల కొనుగోలు విధానం ప్రకారం, ఎల్‌వన్ పెద్ద కంపెనీ అయి, మన ధర దానికి 15 శాతం లోపు ఎక్కువగా ఉంటే, ఎల్‌వన్ ధరకు దిగి కొంత భాగం ఇచ్చే అవకాశం మనకు ముందు ఇవ్వాలి. ఉదాహరణకు పెద్ద కంపెనీ 3,400 పెట్టింది. 15 శాతం కలిపితే 3,910. నా 3,672 దాని లోపలే ఉంది కాబట్టి "3,400కు ఇస్తావా?" అని నన్ను అడగాలి. 3,400 అంటే నా లెక్కలో లాభం సున్నా. కాబట్టి ఎంతవరకు దిగగలనో ముందే రాసుకుని కూర్చుంటాను, అక్కడికక్కడ ఉత్సాహంలో ఒప్పుకోను.

ఈ విధానం కింద కేంద్ర శాఖలు, కేంద్ర సంస్థలు తమ కొనుగోళ్లలో ఏడాదికి 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీ యజమానుల నుంచి, 3 శాతం మహిళల నుంచి. ఉద్యమ్‌లో యజమాని వివరం సరిగ్గా ఉండాలని ముందు చెప్పింది ఇందుకే. షెడ్డు నడిపేది భార్య, పేరు మాత్రం భర్తది అన్న ఇళ్లు మన వైపు ఎన్నో. నిజంగా నడిపేవాళ్ల పేరునే పెట్టండి.

బిడ్ తిరస్కరిస్తే కారణం అడగండి. కేంద్ర నిబంధనల్లోనే బిడ్డర్ ప్రశ్నించే ఏర్పాటు టెండరు కాగితంలో ఉండాలని ఉంది. జవాబు రాకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. పోట్లాటకని కాదు, వచ్చే టెండరులో అదే తప్పు జరగకుండా. యూడిన్ సంగతి నాకు అలా అడిగితేనే తెలిసింది.

ఎనిమిదో మెట్టు: సరుకు ఇచ్చి డబ్బు తెచ్చుకోవడం

సరుకు దించిన రోజు ఫొటోలు తీయండి, చలానా మీద పేరు, హోదా, తేదీ, ముద్రతో సంతకం తీసుకోండి. ఒట్టి గీత గీసిన సంతకం రేపు ఎవరిదో ఎవరూ చెప్పలేరు. జెమ్‌లో అయితే సరుకు అందిన 48 గంటల్లో తాత్కాలిక రసీదు, 10 రోజుల్లో అంగీకార సర్టిఫికెట్, ఆ తర్వాత 10 రోజుల్లో చెల్లింపు అన్నది పద్ధతి. రాష్ట్ర ఆఫీసుల్లో బిల్లు రాష్ట్ర ఆన్‌లైన్ బిల్లుల వ్యవస్థ అయిన సీఎఫ్ఎంఎస్‌లోకి ఎక్కి ట్రెజరీకి పోతుంది. మీ బిల్లు నంబరు అడిగి తీసుకుంటే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. రాష్ట్రంలో బిల్లులు ఆలస్యం కావడం అందరికీ తెలిసిన బాధే, ఎవరు అధికారంలో ఉన్నా కాంట్రాక్టర్ల నోట వినే మాటే.

డబ్బు రాకముందే జీఎస్టీ కట్టాలన్నది కొత్తవాళ్లకు తగిలే మొదటి దెబ్బ. వంద బెంచీలు 3,67,200 అనుకోండి. ఇనప ఫర్నిచర్‌కు 18 శాతం జీఎస్టీ, 66,096. ఇన్వాయిస్ వేసిన కాలానికి రిటర్నులో ఇది చూపాలి, పైపు మీద మీరు కట్టినది తీసేసి మిగతా జేబులోంచి కట్టాలి. ఆఫీసు డబ్బు ఆర్నెల్లకు వచ్చినా సరే. అందుకే కొనే ప్రతి ముడిసరుకుకూ జీఎస్టీ బిల్లు తీసుకోండి. రెండున్నర లక్షలు దాటిన ఒప్పందాల్లో ఆఫీసు 2 శాతం టీడీఎస్ కోస్తుంది, ఇక్కడ 7,344. అది పోయినట్టు కాదు, మీ జీఎస్టీ క్యాష్ లెడ్జర్లోకి వస్తుంది. పోర్టల్లో దాన్ని మీరే ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా వదిలేసినవాళ్లు ఎంతమందో.

మరీ ఆలస్యమైతే 2006 నాటి చిన్న పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) చట్టం ఉంది. ఒప్పందంలో ఎక్కువ రోజులు రాసుకున్నా, సరుకు అంగీకరించిన 45 రోజుల్లో డబ్బివ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే, ఇలాంటి బాకీల తగువులు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళుతుంది. రోజూ ముఖాలు చూసుకోవాల్సిన ఆఫీసు మీద ఫిర్యాదు పెట్టాలంటే చేయి రాదు, నాకూ రాలేదు. ముందు చట్టం సెక్షన్ రాసి, బిల్లు నంబరు రాసి మర్యాదగా ఒక ఉత్తరం ఇచ్చాను. మూడు వారాల్లో బిల్లు కదిలింది. ఎప్పుడూ అలా జరుగుతుందని చెప్పలేను గానీ ఫిర్యాదుకు ముందు ఆ ఉత్తరం తప్పకుండా ఇవ్వండి, రసీదు తీసుకోండి. కేంద్ర సంస్థలకు అమ్మినవాళ్లు ట్రెడ్స్ వేదికల్లో ఇన్వాయిస్‌ను బ్యాంకులకు ఇచ్చి ముందే డబ్బు తెచ్చుకోవచ్చు, కొనే సంస్థ అందులో చేరి ఉంటే.

అన్నీ అయ్యాక మిగిలేది పర్ఫార్మెన్స్ సెక్యూరిటీ. ఆర్డరు తీసుకునేటప్పుడు విలువలో కొన్ని శాతం డిపాజిట్‌గానో బ్యాంకు గ్యారంటీగానో ఇస్తాం కదా, వారంటీ గడువు తీరాక అది తిరిగి రావాలి. దానంతట అది రాదు. గడువు తీరిన మర్నాడే ఉత్తరం రాసి, సరుకు అందిన సర్టిఫికెట్ నకలు జతచేసి అడగాలి. 2022లో ఇచ్చిన ర్యాకుల డిపాజిట్ మాకు పోయిన వేసవిలో వచ్చింది. క్యాలెండర్లో రాసుకుని ఉండకపోతే దాని సంగతే మర్చిపోయేవాళ్లం. ఆ డబ్బుతో మా షెడ్డు మేస్త్రి ఎప్పటినుంచో అడుగుతున్న కొత్త పైపు కటింగ్ మిషన్‌కు అడ్వాన్సు కట్టాం.